తొమ్మిదేళ్ల కాంట్రాక్టు ఉద్యోగం, కొత్త లేబర్ కోడ్‌లు: లేబర్ ఆఫీసుకు వెళ్లి లాభం ఉందా?

మీ ప్రశ్న అందరికీ అర్థం కావడానికి ముందు క్లుప్తంగా చెప్తాను. సంగారెడ్డి జిల్లాలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో, రసాయనాలు కలిపి తయారుచేసే రియాక్టర్ల దగ్గర తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నారు. ఈలోపు ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు, మీరు మాత్రం అదే షెడ్డులో ఉన్నారు. పర్మినెంట్ చేయమని అడిగితే హెచ్ఆర్ వాళ్లు "కొత్త కోడ్‌లు వచ్చాయి, ఇక లేబర్ ఆఫీసుకు పవర్ లేదు" అన్నారు. పాత కార్మిక చట్టాల బదులు తెచ్చిన నాలుగు చట్టాలే ఈ కోడ్‌లు. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత ప్రభుత్వం కార్మికుడి విషయంలో చేతులెత్తేసినట్టేనా, ఇంకా లేబర్ ఆఫీసు చుట్టూ తిరగడంలో అర్థం ఉందా అని అడిగారు.

అర్థం ఉంది. అయితే ఏది ముందు అడుగుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. తొమ్మిదేళ్లు చేశానన్న ఒక్క కారణంతో పర్మినెంట్ రాదు. జీతంలో తేడా, ఓవర్‌టైమ్, పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్ మాత్రం వసూలు చేసుకోవచ్చు. కాంట్రాక్టర్ ఎగ్గొడితే ఆ బాధ్యత కంపెనీ మీద పడుతుంది. ఆ వసూలు కోసం బయటికి తీయించిన రికార్డే రేపు ఉద్యోగం కేసులో మీకు సాక్ష్యం అవుతుంది. ముందు డబ్బు, తర్వాత ఉద్యోగం. చాలామంది ఈ వరుస తిరగేసి, మొదటి అర్జీలోనే "పర్మినెంట్ చేయాలి" అని ఒక్క ముక్క రాసి, చేతిలో కాగితం లేకుండా కోర్టు మెట్లెక్కుతారు.

నేను కార్మిక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కార్మికులకు, అప్పుడప్పుడు చిన్న కంపెనీలకు కూడా సలహాలు చెప్తుంటాను. కాబట్టి ఇది రెండు వైపుల కాగితాలూ చూసినవాడి అభిప్రాయంగా తీసుకోండి.

ముందు ప్రభుత్వం సంగతి. ఎందుకంటే మీ హెచ్ఆర్ మాటలో సగం నిజం అక్కడే ఉంది.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ప్రతి మలుపు దగ్గరా ప్రభుత్వమే ఉండేది. గొడవ వస్తే కన్సిలియేషన్ ఆఫీసర్, అంటే రాజీ కుదిర్చే లేబర్ అధికారి, ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టాలి. కుదరకపోతే ఫెయిల్యూర్ రిపోర్ట్ పైకి పంపాలి. ఆ వివాదాన్ని లేబర్ కోర్టుకు రిఫర్ చేయాలా వద్దా అన్నది ప్రభుత్వం తేల్చాలి. రిఫర్ చేయకపోతే యూనియన్ హైకోర్టుకు వెళ్లి, రిఫర్ చేయించండని మొరపెట్టుకోవాలి. ఎవరిది న్యాయమో తేల్చే పని ఆ దశలో ప్రభుత్వానిది కాదని 1989లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, అంటే ఎంత జరిగేదో ఊహించుకోండి. డిస్మిస్ అయిన ఒంటరి కార్మికుడు రిఫరెన్స్ కోసం ఎదురుచూడకుండా నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లే వీలును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లోనే తన సవరణతో ఇచ్చింది. దేశమంతటికీ అలాంటి వీలు రావడానికి 2010 దాకా పట్టింది. మన రాష్ట్రం ముందున్న కొద్ది విషయాల్లో ఇదొకటి.

ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, ఇంకో పెద్ద తాళం వేశారు. 300 మంది, ఆ తర్వాతి సవరణతో 100 మంది, అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీలో లేఆఫ్‌కు (తాత్కాలికంగా పని ఆపడం), రిట్రెంచ్‌మెంట్‌కు (మనుషులను తగ్గించడం), మూసివేతకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. బాలానగర్ వైపు ఐడీపీఎల్ (మందులు), హెచ్ఎంటీ (యంత్రాలు) లాంటి ప్రభుత్వ కంపెనీల్లో అనుమతి ఇచ్చేదీ ప్రభుత్వమే, యజమానీ ప్రభుత్వమే. మీ నాన్నగారి తరానికి ఉద్యోగం అంటే అదే.

1991 జూలైలో పారిశ్రామిక విధానం మారింది. లైసెన్సులు పోయాయి, దిగుమతులు తెరిచారు. విచిత్రం ఏమిటంటే కార్మిక చట్టంలో ఆ తాళాన్ని దాదాపు మూడు దశాబ్దాలు కేంద్రం ముట్టుకోలేదు. ఉద్యోగాలు మాత్రం పక్క తలుపులోంచి వెళ్లిపోయాయి. ప్రభుత్వ కంపెనీలు ఒక్కొక్కటీ ఖాయిలా జాబితాలో చేరాయి. రోడ్డున పడ్డ కార్మికుడికి కొత్త పని నేర్పిస్తామని 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి పెట్టారు. అందులో ఎక్కువ భాగం వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) చెక్కులకే సరిపోయింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ ప్లాంటులో చేయి తిరిగిన ఇంకా ఎందరో జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు వైపు కంపెనీలకు వెళ్లారు. హైదరాబాద్ ఫార్మా అలా పెరిగింది. కెమిస్టులు, పరిజ్ఞానం అటు నుంచి ఇటు వచ్చాయి. పర్మినెంట్ ఆపరేటర్ పోస్టు మాత్రం అదే లెక్కన రాలేదు. ఫ్యాక్టరీల వార్షిక సర్వేలో దేశం మొత్తం మీద 2000 ప్రాంతంలో కాంట్రాక్టు కార్మికులు సుమారు ఐదో వంతు. ఇప్పుడు 40 శాతం దాటారు.

దీనికి ఆ 100 మంది నిబంధనే కారణమని పరిశ్రమల వాళ్లు అంటారు. కొంత నిజమే. 90 మందిని రోల్స్ మీద, అంటే తమ సొంత ఉద్యోగులుగా, పెట్టుకుని మిగతావాళ్లను కాంట్రాక్టర్ పేరు మీద చూపించే యూనిట్లు చాలా చూశాను. కానీ మొత్తం 40 మంది ఉండే యూనిట్‌లో కూడా 30 మంది కాంట్రాక్టు వాళ్లే ఉంటే ఆ వాదన నిలవదు కదా. అసలు లాభం జీతం తేడాలోనూ, యూనియన్ రాకుండా చూసుకోవడంలోనూ ఉంది.

పైగా ప్రభుత్వమే అదే పని చేసింది. మున్సిపాలిటీల్లో, ఆసుపత్రుల్లో, కరెంటు ఆఫీసుల్లో అవుట్‌సోర్సింగ్ ఎవరు మొదలుపెట్టారు? 2019 అక్టోబర్ 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. సుమారు 48 వేల మంది తమను తామే డిస్మిస్ చేసుకున్నారని ముఖ్యమంత్రి స్థాయిలో మాట వచ్చింది. అదే సంస్థలో విడిపోయిన మరో సగాన్ని ఆంధ్రప్రదేశ్ 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వంలో కలిపేసుకుంది. నాలుగేళ్లు తిరగకుండానే తెలంగాణ కూడా విలీనం బిల్లు పెట్టింది. చట్టాల్లో అంత తేడా ఏమీ లేదు, రాజకీయంలో ఉంది. "ప్రభుత్వం ఎవరి పక్షం" అన్న మీ ప్రశ్నకు ఇంతకన్నా నిజాయితీ గల సమాధానం నా దగ్గర లేదు. ఒకే ప్రభుత్వంలో పీఎఫ్ ఆఫీసు ఒక రకంగా, పరిశ్రమల శాఖ ఇంకో రకంగా, యజమాని హోదాలో ఆర్థిక శాఖ మరో రకంగా ప్రవర్తిస్తాయి. మీరు ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డారన్నదే ముఖ్యం.

ఇక మీ అసలు విషయం, పర్మినెంట్.

1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం పేరులోనే "రద్దు" ఉంది. ఫలానా పనిలో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం నిషేధిస్తే ఆ కార్మికులు ఏమవుతారో మాత్రం చట్టంలో రాయలేదు. 1996 చివర్లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు వాళ్లంతా నేరుగా కంపెనీ ఉద్యోగులైపోతారంది. 2001 ఆగస్టులో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. మిగిలిన దారి ఒక్కటే: కాంట్రాక్టు పేరుకే ఉంది, పని పురమాయించేదీ, అదుపు చేసేదీ, సెలవిచ్చేదీ కంపెనీయే అని లేబర్ కోర్టులో రుజువు చేయాలి. అలా రుజువైతే మీరు మొదటి నుంచీ కంపెనీ కార్మికుడే. ఇవాళ్టికీ ఇదే మూలసూత్రం.

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంకో పని చేసింది. ఫ్యాక్టరీ దేనికోసం పెట్టారో ఆ ముఖ్యమైన పనిని "కోర్ యాక్టివిటీ" అని నిర్వచించి, అందులో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదంది. ఊడ్చడం, కాపలా, క్యాంటీన్, లోడింగ్ లాంటివి కోర్ కావంది. పెట్టుబడిదారులకు వీలు కల్పించడానికి తెచ్చిన సవరణ ఇది. దాన్నే దాదాపు అదే మాటలతో 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోకి తీసుకున్నారు. మిగతా మూడు కోడ్‌లతో పాటు అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది.

బల్క్ డ్రగ్ కంపెనీలో రియాక్టర్ నడపడం కోర్ కాకపోతే ఇంకేది కోర్? ఇక్కడ మీ కేసు గట్టిదే. కానీ చట్టంలో మూడు కంతలున్నాయి. ఆ పని మామూలుగానే కాంట్రాక్టర్ల ద్వారా జరిగేదైతే, రోజులో ఎక్కువ భాగం మనిషి అవసరం లేనిదైతే, ఒక్కసారిగా పని పెరిగి గడువులోగా పూర్తి చేయాల్సి వస్తే, కోర్ అయినా కాంట్రాక్టుకు ఇవ్వచ్చు. మొదటి కంత నాకు అస్సలు మింగుడుపడదు. ఎంత ఎక్కువ కాలం నిబంధనకు విరుద్ధంగా నడిపితే, "ఇది మామూలుగా ఇలాగే జరుగుతుంది" అని చెప్పుకోవడానికి కంపెనీకి అంత బలం. ఏది కోర్, ఏది కాదు అన్న వివాదం తేల్చేది కూడా ప్రభుత్వమే. అంటే తప్పుకుందనుకున్న ప్రభుత్వం ఇక్కడ మళ్లీ గేటు దగ్గర కూర్చుంది. ఇంకో మాట, పాత చట్టం మన దగ్గర 5 మంది కాంట్రాక్టు కార్మికులున్నా వర్తించేది. కోడ్‌లో ఆ సంఖ్య 50. మీ షెడ్డులో, మీ కాంట్రాక్టర్ కింద, మొత్తం ఫ్యాక్టరీలో ఎంతమంది ఉన్నారో లెక్క రాసుకోండి.

హెచ్ఆర్ అన్న "పవర్ లేదు" మాటకు వద్దాం. పర్మినెంట్ లాంటి ఉద్యోగ వివాదాల్లో లేబర్ ఆఫీసర్‌కు తీర్పు చెప్పే పవర్ ఎప్పుడూ లేదు. పిలిపించి, మాట్లాడించి, రాతపూర్వకంగా నమోదు చేయడమే ఆయన పని. నిజంగా మారినవి ఇవి: ప్రభుత్వ రిఫరెన్స్ అన్న మెట్టు పోయింది. రాజీ కుదరకపోతే ఆ రిపోర్ట్ అందిన 90 రోజుల్లో మీరే ట్రిబ్యునల్‌కు వెళ్లచ్చు. తీసేసిన కార్మికుడు 45 రోజులు ఆగి నేరుగా వెళ్లచ్చు, కానీ గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. మూసివేత అనుమతి పరిమితి 100 నుంచి 300కు పెరిగింది. ఇన్‌స్పెక్టర్ పేరు "ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్" అయింది. చాలా ఉల్లంఘనల్లో కేసు పెట్టే ముందు కంపెనీకి సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి. కాబట్టి తనిఖీకి ఎవరో వచ్చి మీ సంగతి కనిపెడతారని ఆశ పెట్టుకోకండి. అర్జీ ఇచ్చి కదిలిస్తేనే కదులుతుంది.

ఇక్కడ ఒక పక్క మాట. మన శ్రీకాకుళం వైపు పాతపట్నం నుంచి 1952లో గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయిన వి.వి. గిరి గారు, ప్రభుత్వం వివాదాలను బలవంతంగా కోర్టుకు పంపడం మానాలి, యూనియన్, యాజమాన్యం నేరుగా తేల్చుకోవాలి అని పట్టుబట్టారు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవే వదిలేశారు. ఆయన అడిగిన దాంట్లో ప్రభుత్వం పక్కకు జరగడం అనే సగం ఇన్నాళ్లకు వచ్చింది. గట్టి యూనియన్ అనే మిగతా సగం లేదు.

నా అనుభవంలోని రెండు కేసులు చెప్తాను, పేర్లు లేకుండా. ఒక రసాయనాల యూనిట్‌లో కాంట్రాక్టు కార్మికులు కలిసి నేరుగా పర్మినెంట్ కోసం వేశారు. కంపెనీ వైపు నుంచి కాంట్రాక్టర్ లైసెన్సు, అతని మస్టర్ రోల్ (హాజరు పట్టీ), జీతాల రిజిస్టర్ అన్నీ వచ్చాయి. కార్మికుల వైపు నుంచి గేట్ పాసులు, మాటలు. గేట్ పాసు మీద కూడా కాంట్రాక్టర్ పేరే ఉంది. ఏళ్లు గడిచాయి, కేసు నిలవలేదు.

రెండోది ఫార్మా యూనిట్. వాళ్లు ముందు ఓవర్‌టైమ్ క్లెయిమ్ వేశారు. పన్నెండు గంటల షిఫ్ట్ చేయించి ఎనిమిది గంటలకు లెక్కకట్టారన్నది ఫిర్యాదు. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో తేలాలంటే రికార్డు రావాలి. మందుల తయారీ నియమాల ప్రకారం ప్రతి బ్యాచ్ రికార్డులో ఆ పని చేసిన ఆపరేటర్ సంతకం, సరిచూసిన వాళ్ల సంతకం, టైము ఉంటాయి. ప్రతి ఆపరేటర్‌కు శిక్షణ ఇచ్చినట్టు కూడా రికార్డు ఉండాలి. ఆ శిక్షణ ఇచ్చింది కంపెనీ క్యూఏ (నాణ్యత చూసే) విభాగం, కాంట్రాక్టర్ కాదు. విదేశీ ఇన్‌స్పెక్షన్‌లో "మా సొంత ఆపరేటర్, మేమే ట్రైనింగ్ ఇచ్చాం" అని చూపించిన మనిషిని లేబర్ ఆఫీసులో "మాకు సంబంధం లేదు" అనడం కష్టం. ఓవర్‌టైమ్ వచ్చింది. ఆ తర్వాత కూర్చున్న చర్చల్లో కంపెనీ స్వరం మారింది. అందరూ పర్మినెంట్ కాలేదు. కొందరిని నేరుగా కంపెనీ రోల్స్‌లోకి తీసుకున్నారు, మిగతావాళ్లకు ఏటా ఇంక్రిమెంట్ ఒప్పందం రాసిచ్చారు. ఇలాంటి కేసుల్లో నేను చూసిన మంచి ఫలితం అదే స్థాయిలో ఉంటుంది, అంతకు మించి ఆశ పెట్టను.

బ్యాచ్ రికార్డులను ఫోన్‌లో ఫోటో తీయకండి. రహస్య పత్రాలు బయటికి తీశాడని దుష్ప్రవర్తన కింద పెట్టి పంపించేస్తారు. బ్యాచ్ నంబర్, తేదీ, షిఫ్ట్ మీ డైరీలో రాసుకుంటే చాలు. ఫలానా రికార్డు తెప్పించండని అడగడానికి అది సరిపోతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. ముందు పీఎఫ్ పాస్‌బుక్ తీసి, తొమ్మిదేళ్లలో ఏ నెలలు ఖాళీగా ఉన్నాయో, ఎంత జీతం మీద కట్టారో చూడండి. తేడా ఉంటే ఫిర్యాదు పీఎఫ్ ఆఫీసుకు, లేబర్ ఆఫీసుకు కాదు. పీఎఫ్ కేంద్రానిది, వాళ్లకు విచారణ జరిపి కంపెనీ బ్యాంకు ఖాతా అటాచ్ చేసేంత అధికారం ఉంది. కొత్త కోడ్‌లో ఆ విచారణ మొదలుపెట్టడానికి 5 ఏళ్ల గడువు రాశారు, పాత బకాయి ఉంటే ఆలస్యం వద్దు. ఈఎస్ఐ కార్డు మీ దగ్గర లేకపోతే అది ఇంకా ముందు. రియాక్టర్ దగ్గర పనిచేసే మనిషి పేరు ఏదో ఒక రికార్డులో ఉండి తీరాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగాక ఆచూకీ తెలియని మనుషుల కోసం కుటుంబాలు ఎన్ని రోజులు తిరిగాయో మీ ప్రాంతంలో నేను వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత నియామక పత్రం అడగండి. కోడ్ ప్రకారం ప్రతి ఉద్యోగికీ ఇవ్వాలి. అంతకుముందు ఇవ్వని పాతవాళ్లకు అమలు తేదీ నుంచి మూడు నెలల్లో ఇవ్వాలి. ఇచ్చే పత్రంలో చేరిన తేదీ ఏది రాస్తారో చూడండి. తొమ్మిదేళ్ల కిందటిదా, కొత్త కాంట్రాక్టర్ వచ్చిన రోజుదా? గ్రాట్యుటీ గొడవంతా ఆ ఒక్క తేదీలో ఉంది. మామూలు ఉద్యోగికి అయిదేళ్ల సర్వీసు నిండాలి. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా లెక్క మొదటికి తెస్తే ఎప్పటికీ నిండదు. పైన వసూలయ్యేవాటిలో గ్రాట్యుటీ రాయకపోవడానికి కారణం అదే. అడగాల్సిందే, కానీ పోరాడి తెచ్చుకోవాలి.

జీతం, ఓవర్‌టైమ్ క్లెయిమ్‌కు మూడేళ్ల గడువు ఉంది. ఒక్కరే వెళ్లకండి, కనీసం పది పదిహేను మంది సంతకాలతో వెళ్లండి. అర్జీలో కాంట్రాక్టర్‌నూ కంపెనీనీ ఇద్దరినీ పార్టీలుగా రాయండి. కనీస వేతనం తేడా ఉంటే విడిగా లెక్క కట్టి జత చేయండి. డీఏ (కరువు భత్యం) ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. మూల వేతనాన్ని పాత చట్టం ప్రకారం అయిదేళ్లకోసారైనా సవరించాల్సింది పోయి మన రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్లకేళ్లు వదిలేయడం మామూలైంది. దాన్ని మీ ఒక్క అర్జీతో మార్చలేం, దాని కోసం యూనియన్లే కొట్లాడాలి.

మధ్యలో కంపెనీ "ఫిక్స్‌డ్ టర్మ్" ఇస్తామని, అంటే ఇన్నాళ్లని గడువు రాసిన ఉద్యోగం ఇస్తామని, రావచ్చు. చాలామంది నాయకులు వద్దంటారు. నేను మాత్రం, కంపెనీయే నేరుగా ఇస్తే తీసుకోమంటాను. యజమాని ఎవరన్న వివాదం ఆ రోజుతో పోతుంది, పర్మినెంట్ వాళ్లతో సమాన జీతం అడగచ్చు, ఏడాదికే గ్రాట్యుటీ అర్హత వస్తుంది. అయితే గడువు అయిపోయి పంపించేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అనరు, ఆ రిస్కు తెలిసే తీసుకోండి. పాత సర్వీసు మీద హక్కులన్నీ వదులుకుంటున్నానన్న వాక్యం అందులో ఉంటే మాత్రం సంతకం చేసే ముందు ఎవరికైనా చూపించండి.

ఆవేశంలో ఒక్కసారిగా పని ఆపకండి. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు కావాలి. సగం మంది కలిసి ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెట్టినా సమ్మె కిందే లెక్క. అక్రమ సమ్మె అన్న ముద్ర పడితే చాలు, కాంట్రాక్టర్‌ను మార్చే వంకతో మొత్తం బ్యాచ్‌ను మార్చేస్తారు.

చివరిగా, కాంట్రాక్టర్ మారేటప్పుడు రాజీనామా, ఫుల్ అండ్ ఫైనల్ (బకాయిలన్నీ ముట్టాయన్న పత్రం), కొత్త జాయినింగ్ ఫారం మూడూ ఒకేసారి ముందు పెడతారు. సంతకం పెట్టకపోతే మర్నాడు గేట్ తెరవరు, అది నాకు తెలుసు. పెట్టక తప్పకపోతే సంతకం కింద "అభ్యంతరంతో, పాత సర్వీసు హక్కు వదులుకోకుండా" అని తేదీతో రాయండి. అది కూడా రాయనివ్వకపోతే, అదే రోజు ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసి ఏసీఎల్ (అసిస్టెంట్ కమిషనర్ ఆఫ్ లేబర్) ఆఫీసుకు, కంపెనీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మీ కాంట్రాక్ట్ రెన్యువల్ ఏ నెలలో వస్తుందో, మీ కాంట్రాక్టర్ కింద ఎంతమంది ఉన్నారో ఇక్కడే కింద రాస్తే, అర్జీ ఎలా రాయాలో విడిగా చెప్తాను. కంపెనీ పేరు మాత్రం రాయకండి.